ఝుమ్మన్నా లేవని సజ్దా

ఇలా రా, నా పక్కకి రా. కూర్చోమనను, కూర్చుంటే కాలి కడెం ఊరుకోదు. నా అడుగులో అడుగు వేసుకుంటూ నడువు, నడుస్తూనే విను. నాగూర్బీ అని ఒకామె ఉండేది. ఆమె ఒక రోజు పని సంగతి చెబుతాను.

ఆ రోజు పొద్దున నాగూర్బీ పడమటి పలక మీద ఉంది. తూర్పు గదుల్లో ఎవరో నొప్పులు పడుతున్నారు. నొప్పులు పడే మనిషి నడవదు, చుట్టూ చేరిన ఆడవాళ్లూ నడవరు. అంత బరువు ఒక్కచోట ఆగితే నీళ్ల మీది పేట అటు ఒరుగుతుంది. అందుకని తూకందారు ఆమెను పడమటి అంచుకు పంపింది. వీపున ఉప్పుమూట, రెండు కాళ్లకూ కడేలు. పలక చివరిదాకా పోవడం, తిరగడం, మళ్లీ పోవడం. ఆ పనిని ఎదురుబరువు అనేవాళ్లు. ఎవరు ఎక్కడ ఆగినా వాళ్లకు ఎదురుగా ఆమె కదలాలి. పెళ్లిలో జనం కూర్చుని అన్నం తింటుంటే ఆమె అవతల నడుస్తూ ఉండేది. పేటలో ఆమె మోయని విందు లేదు, ఆమె తిన్న విందూ లేదు.

అప్పటికి మన తెప్పపేట ఇంకా చిన్నది. కింద నీళ్లు, ఒకప్పుడు వరిచేలు ఉన్నచోట నిలిచిన సముద్రపు నీళ్లు. అలలకు తగ్గట్టు మనుషులను అటూ ఇటూ నడిపించి పేటను తిన్నగా నిలిపేది తూకందారు. దానికి ముఖం లేదు, గొంతు లేదు. కడెం ఝుమ్మంటే కదలాలి. ఆలస్యమైతే సూది దిగినట్టు చురక. అసలే కదలలేనివాళ్లను జడభారం కింద వేసి వెలిపడవ ఎక్కించేది. ఆ పడవ ఎటు పోతుందో ఎవరూ అడగలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఖాళీగా వచ్చేది, అది మాత్రం అందరూ చూశారు.

రెండు కాళ్లకూ కడేలు అన్నాను, మనిషికి ఒకటే కదా అని నువ్వు అడగలేదు. రెండోది ఆమె అత్త ఫకీర్బీది. కొడుకు వలల పనికి పోయి రాలేదు. మిగిలింది అత్తాకోడళ్లే. అత్తకు మోకాళ్లు పట్టేసి నడక పోయింది. పడవవాళ్ల కంట పడకముందే నాగూర్బీ ఆమె కడెం ఊడదీసి తన కాలికి వేసుకుంది, ఆమె బరువుకు సరిపడా ఉప్పు మూటగట్టి వీపున వేసుకుంది. తూకందారు లెక్కలో ఫకీర్బీ రోజంతా కోడలి పక్కనే నడుస్తోంది, ఒక్క పోట్లాట కూడా లేకుండా. ఆ యంత్రానికి అనుమానం రావలసింది అక్కడే, రాలేదు. మంచం మీది ముసలమ్మను అది ఎండుచేపల బస్తా అనుకుంది.

తూర్పు గదుల్లో బిడ్డ పుట్టాక కాస్త వెసులుబాటు దొరికింది. అత్తకు జావ పోద్దామని నాగూర్బీ గదికి వచ్చింది. ఫకీర్బీ చాప మీద సజ్దాలో ఉంది. నుదురు నేలకు ఆనించి అలాగే ఉంది, ఎంతకూ లేవడం లేదు. నమాజు వేళల్లో తాను ఎప్పుడూ పలక మీదే ఉండి, తన నమాజు తర్వాత ఒంటరిగా ముగించేది కాబట్టి అత్త నమాజు చదువుకోవడం నాగూర్బీ ఏనాడూ చూడలేదు. కంగారుగా భుజం పట్టుకుని కుదిపింది. ఫకీర్బీ కదల్లేదు. తన తీరున తాను లేచింది, కూర్చుంది, నమాజు ముగించి కుడివైపు, ఎడమవైపు సలాం చెప్పి, అప్పుడు కోడలి వంక తిరిగింది.

"ఏందే, పోయాననుకున్నావా? నీ అదృష్టం అంత తొందరగా పండదులే."

"ఝుమ్మనలేదు కదత్తా. ఎట్టా లేస్తావోనని భయమేసింది."

"ఝుమ్మంటే లేవడమేందే?"

"మరి? సజ్దాలోకి పోయాక ఝుమ్మనాల, అప్పుడు లేవాల. ముల్లాగారు అల్లాహు అక్బర్ అని తక్బీర్ అనేదీ అప్పుడేగా."

పేటలో పుట్టినవాళ్లందరి నమ్మకమూ అదే. వంగితే ఝుమ్, లేస్తే ఝుమ్, నుదురు ఆనితే ఝుమ్. కోడి గింజలు ఏరుకున్నట్టు నమాజు అయిపోయేది. కడెం మరమ్మతుకు ఇచ్చిన రోజున చదివింది చెల్లదని, అది తిరిగి వచ్చాక మళ్లీ చదువుకునేవాళ్లు కూడా ఉండేవాళ్లు. ఫకీర్బీకి నవ్వు రాలేదు. జావ తాగి గిన్నె కింద పెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది. నేల మీద ఉన్నప్పుడు ఎవరూ ఝుమ్మనేవారు కాదట. రుకూలో వంగితే వీపు చదునుగా కుదిరేదాకా ఉండేవారట. లేచి నిలబడితే ఎముక ఎముకా తన చోటికి వచ్చేదాకా, రెండు సజ్దాల మధ్య కూర్చుంటే గుండె దడ తగ్గేదాకా. ఆ ఆగడమే నమాజట, కదలడం దాని కోసమట.

నాగూర్బీకి అది విని సంతోషం కలగలేదు. ఇన్నేళ్లూ తాను చదివింది ఏమిటో అర్థం కాలేదు.

"నాకింక ఎన్నాళ్లో లేదమ్మాయ్," అంది ఫకీర్బీ. "ఈ మధ్యాహ్నం జొహర్ నమాజు అందరితో వరసలో చదవాల. పక్కన నీ భుజం కావాల."

"నేను పలక మీద లేకపోతే పేట ఒరుగుద్దత్తా."

"ఒరుగుద్ది."

"వెలిపడవ వచ్చిద్ది. నీకే కాదు, నాక్కూడా."

"వచ్చిద్ది. నువ్వు మోసినన్నాళ్లూ నేను ఉప్పుమూటనే కదే. ఒక్క పూట మనిషిని చెయ్యి."

నాగూర్బీ గిన్నె కడిగి బోర్లించి పలక మీదికి పోయింది.

అజాన్ వినిపించింది. జనమంతా తూర్పున నమాజుగదికి చేరుతున్నారు, కడేలు ఆమెను పడమటి కొసకు తరుముతున్నాయి. కొసదాకా పోయి తిరిగింది. మళ్లీ పోయింది. అప్పుడు మూట దించింది. విసిరేయలేదు, నిద్రపోతున్న బిడ్డను దించినట్టు దించి, చురకలు ఓర్చుకుంటూ తూర్పుకు నడిచింది. దారిలో అత్త గోడ పట్టుకుని కాళ్లు ఈడ్చుకుంటూ వస్తూ కనిపించింది. చెయ్యి అందించి తెర వెనక ఆడవాళ్ల వరసలోకి తీసుకువెళ్లింది.

మొదటి రకాతు, ఆ నిలబడడం వంగడం అంతా, ఎప్పటిలాగే పరుగున పోయింది. ఫకీర్బీ ఇంకా రుకూలో ఉండగానే వరసంతా సజ్దాకు దిగింది. నాగూర్బీ కూడా దిగింది. పక్కన తన భుజం లేని చోట ముసలామె ఒంటరిగా వంగి ఉంది. నేల అప్పటికే ఒరగడం మొదలుపెట్టింది.

రెండో రకాతు సజ్దాలో కడేలు రెండూ ఝుమ్మన్నాయి. నాగూర్బీ లేవలేదు. చురక దిగింది, ఇంకా లోపలికి దిగింది. లేవలేదు.

వరసల ముందు నిలిచి నమాజు చేయించే ముల్లా దస్తగిరి కడెం కూడా ఝుమ్మంది. ఆయన తక్బీర్ అనాలి. తెర వెనక నుంచి చురక చిటపట వినిపిస్తోంది, చీరల అలికిడి మాత్రం లేదు. ఆయన పసితనంలో నేల మీద తండ్రి వెనక నమాజు చదువుకున్న మనిషి. ఆయనకు ఏం గుర్తొచ్చిందో నాకు తెలియదు. నోరు తెరవలేదు. ముందు నిలిచినాయన లేవనిదే వెనకవాళ్లు లేవకూడదు, ఆ నియమం నీకూ తెలుసు. అలా గదిలో అందరి నుదుళ్లూ నేలకే ఉండిపోయాయి. అందరి కాళ్లకూ చురకలు దిగాయి. అంచు మీదుగా నీళ్లు వచ్చి చాపలు తడిశాయి, ఉప్పునీళ్లు పెదాలకు తగిలాయి. పేట ఒరిగింది, ఒరిగింది, ఇక బోర్లపడుతుందనుకునే చోట ఆగింది. తిన్నగా కాలేదు. ఒరిగినట్టే ఉండి, కదలకుండా నిలిచింది. అంత నిశ్శబ్దం నేను మళ్లీ వినలేదు. నేను ఫకీర్బీకి అవతలి పక్కన ఉన్నాను. ఆమె ఊపిరి నెమ్మదిగా, నిద్రపోయే మనిషి ఊపిరిలా వినిపించింది.

దస్తగిరి తన తీరున తక్బీర్ అన్నాకే అందరం లేచాం. నమాజు చివర సలాం చెబుతూ ఎడమవైపు ముఖం తిప్పేసరికి గుమ్మంలో పడవవాళ్లు నిలబడి ఉన్నారు.

విచారణ అక్కర్లేకపోయింది, ఒక మనిషి కాళ్లకు రెండు కడేలు కనిపిస్తూనే ఉన్నాయి. అత్తను నడవమంటే నడవలేకపోయింది. నాగూర్బీ వీపున ఎక్కించుకుని పడవదాకా మోసింది. "ఇప్పుడూ మూటనే అయ్యానే," అందట ఫకీర్బీ. కోడలు ఏమందో వినబడలేదు. దస్తగిరిని మర్నాడు తీసుకువెళ్లారు. పడవ రెండుసార్లూ ఖాళీగా తిరిగి వచ్చింది.

ఆ తర్వాత మంచి జరిగిందని నీకు అబద్ధం చెప్పను. వరసలు మానిపించారు. ఎవరి గదిలో వాళ్లే చదువుకోవాలన్నారు. చురక పదును పెరిగింది. ఆ పూట మాతో కలిసి నుదురు ఆనించినవాళ్లే, నాగూర్బీ వల్లనే ఇదంతా అని తిట్టుకున్నారు.

ఒక్కటి మాత్రం ఉంది. అందరూ ఆగిపోతే పేట ఎలా నిలిచిందో తూకందారు లెక్కకు నేటికీ అందలేదు. సముద్రం పళ్లెంలా ఉన్నా మధ్యాహ్నం ఈ వేళకు మనల్ని ఈ పడమటి పలక మీదికి ఎందుకు తోలుతుందని అడిగావు కదా. ఆ ఇద్దరి బరువు కోసం వెదుకుతోంది. ఎంతమందిని నడిపించినా సరిపోవడం లేదు.

నా మోకాళ్లూ పట్టేస్తున్నాయి, చూస్తున్నావు. నా కడెం నువ్వు వేసుకోవద్దు. ఈ కథ ఒక్కటి నీ దగ్గర ఉంచుకో. రేపు నీ వెనక నడిచేవాళ్లకు చెప్పు. ఝుమ్మనడం నమాజు కాదని చెప్పు. నాగూర్బీ, ఫకీర్బీ, ఇద్దరి పేర్లూ విడదీయకుండా కలిపి చెప్పు.