రెండు దేశాల గొప్పలూ ఒక జత కళ్ళూ

పొద్దున్నే మొహాలైనా సరిగ్గా కడుక్కోకుండా బావాబావమరుదులు మొదలెట్టేశారు. కళ్ళకి పొరలు కమ్మి దర్జీపని మానేసిన పెద్దావిడ, కిటికీ పక్కన కూర్చుని మనవడి చొక్కాకి గుండీ తడిమి తడిమి కుడుతోంది. 'కానివ్వండి, ఆ ఆస్పత్రులన్నీ మీ ఇద్దరూ ఇటుకలు మోసి కట్టినవేగా' అనుకుంది.

"మా దేశంలో ఆపరేషన్‌కి పైసా అడగరోయ్," అన్నాడు సెలవులకి వచ్చిన అల్లుడు, ఆ దేశాన్ని తనే కని పెంచినట్టు.

"అడగరు బావా. పిలవనూ పిలవరు. మా దగ్గరైతే ఇవాళ చేరితే రేపు కట్టు విప్పుతారు," అన్నాడు కొడుకు.

"జేబు కూడా విప్పుతారుగా!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. పెద్దావిడకి ఒళ్ళు మండింది. కూతురింట్లో ఉన్నప్పుడు ఆవిడ పేరు ఆపరేషన్ వరసలో ఉండేది. "ఆ వరస కదిలేసరికి అమ్మకి నూరేళ్ళు నిండుతాయి" అని వెక్కిరించి కొడుకు ఇక్కడికి తెచ్చుకున్నాడు. దేశం దాటిందని అక్కడ పేరు కొట్టేశారు. ఇక్కడేమో పాత జబ్బు కాబట్టి రెండేళ్ళు ఆగాలన్నారు బీమావాళ్ళు. చేతి డబ్బు పెట్టి చేయించొచ్చు. కానీ "మరి బీమా కట్టేది ఎందుకట?" అని కొడుకు పంతం. మొత్తానికి ఆవిడ బతుకు రెంటికీ చెడ్డ రేవడి అయింది. అయినా సిగ్గు లేదు ఇద్దరికీ!

"అసలు మీ దేశంలో డాక్టర్లు..." అని అల్లుడు మళ్ళీ అందుకున్నాడు.

"ఇక చాలించండి అల్లుడుగారూ!" పెద్దావిడ చొక్కా విసిరికొట్టింది. "నా కళ్ళేమన్నా మీ పందెంలో గెలుచుకునే బహుమతా?"

"అది కాదమ్మా, నేను..." అన్నాడు కొడుకు.

"నువ్వు మాట్లాడకు. రోజూ పొద్దున నా గదిలోకి ఎవరో మసగ్గా వస్తారు. నువ్వో, కోడలో తెలీదు. నోరు విప్పాకే తెలుస్తుంది నా కొడుకని. నీ మొహం చూసి ఎన్నాళ్ళయిందో తెలుసట్రా నీకు?"

అల్లుడు తల దించుకున్నాడు. కొడుకు వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"ఇంత మసకేసిందని ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఎవరికి చెప్పనురా? మీ దేశాల ఊసు ఆపితేగా?"

"తప్పైపోయిందమ్మా. బీమా లేదు, గాడిదగుడ్డూ లేదు. ఇవాళే ఆస్పత్రికి వెళ్దాం."

"ఖర్చులో సగం నాది, అత్తయ్యగారూ," అన్నాడు అల్లుడు మెల్లగా.

"ఆహా, ఇన్నాళ్ళకి తెల్లారింది ఇద్దరికీ!" అందావిడ.

ఇంకా నాలుగు తిట్లు నాలుక చివరే ఉన్నాయి. ఈలోగా ఒళ్ళో పెట్టిన కొడుకు తల చేతికి తగిలింది. వేళ్ళు చెంపల మీదికి జారాయి. అక్కడ ఎముకలు తగిలాయి.

"ఏంట్రా, ఇంతలా చిక్కిపోయావు?" అంది. ఆ తిట్లు మరిచిపోయి, రెండు చేతులతో వాడి మొహమంతా తడిమి తడిమి చూసుకుంది.