పెళ్ళిచూపుల్లో వట్టి చికోరీ

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: మా ఆడపడుచు లాస్య పెళ్ళి నా చేతుల మీదుగా చెడిపోతుందని.

పాప పుట్టాక నేను కాఫీ మానేశాను. నేను తాగితే పిల్లకు నిద్ర పట్టదేమోనని. ఇంటర్ మధ్యలో ఆపేసినదాన్ని కాబట్టి నాకు ఫోనే కాలేజీ. అందులోనే చికోరీ గురించి చదివాను. కాఫీ పొడిలో కలిపే ఆ వేరు పొడిలో కెఫీన్ ఉండదట, పీచు ఎక్కువట, అరుగుదలకు మంచిదట. నందిగామ బజార్లో కాఫీ పొడి కొట్టుకు వెళ్ళి వట్టి చికోరీ అడిగితే, "కాఫీ లేకుండానా అమ్మా?" అని కొట్టతను నన్ను ఎగాదిగా చూశాడు.

జగ్గయ్యపేట నుంచి సుశాంత్, వాళ్ళ నాన్న కామేశం గారు పెళ్ళిచూపులకు వచ్చారు. అబ్బాయికి కాఫీ తాగితే గుండె దడ అని మధ్యవర్తి ముందే చెప్పారు. దడ వచ్చి మా హాల్లో పడిపోతే? అందుకే అతని గ్లాసులో వట్టి చికోరీ డికాక్షన్ పోశాను, పాలతో, కాస్త చిక్కగా.

గ్లాసులో చుక్క మిగల్చడం వాళ్ళింట్లో అమర్యాద. చుట్టం ముందు ఖాళీ గ్లాసు కనపడటం మా అత్తయ్య అమ్మణ్ణి గారికి తలవంపు. అతను ఖాళీ చేస్తున్నాడు, ఆవిడ అదే చికోరీతో నింపుతోంది.

"బాగుందా నాయనా?"

"అద్భుతం అండీ," అని చెమట తుడుచుకున్నాడు.

కామేశం గారు జాతకాల మాట ఎత్తేసరికి, అబ్బాయి కడుపులో బోరు మోటారు ఆన్ చేసినట్టు చప్పుడు. అందరం మర్యాదగా ఫ్యాను వంక చూశాం.

"బాత్‌రూమ్ ఎటండీ?"

వెళ్ళినవాడు ఎంతకీ రాడు. పాపను చంకనేసుకుని ఫోన్లో మళ్ళీ వెతికితే, అట్టడుగున ఉంది: అలవాటు లేనివాళ్ళు ఎక్కువ తాగితే విరేచనాలు అవుతాయని. లాస్యకు చెప్పేశాను. అది నవ్వు ఆపుకుంటూ వెళ్ళి బాత్‌రూమ్ తలుపు పక్కన నిలబడింది.

"ఏవండీ, ఉన్నారా?"

"ఎక్కడికి పోతానండీ!"

"మీరు తాగింది కాఫీ కాదు, చికోరీ. మా వదిన మీ గుండెను కాపాడదామనుకుంది."

"గుండె సూపర్‌గా ఉందని చెప్పండి. మిగతా పార్టులే..."

"వద్దని చెప్పొచ్చుగా?"

"మీరు చూస్తుంటే నోరు పెగల్లేదండీ."

లాస్య ఓణీ అంచు వేలికి చుట్టుకుంది. "అంటే?"

"అంటే... ఒక్క నిమిషం అండీ."

ఇద్దరూ విడిగా మాట్లాడుకోవాలని డాబా మీద కుర్చీలు వేయించాం. మాటలన్నీ ఈ బాత్‌రూమ్ తలుపు దగ్గరే అయిపోతున్నాయి.

"మీకు కోపం ఎక్కువా?" అంది లాస్య.

"ఇప్పుడు రాలేదంటే ఇంక జన్మలో రాదండీ!"

అతను పాలిపోయిన మొహంతో హాల్లోకి వచ్చాడు. "ఏరా, ఏమంటావ్?" అన్నారు కామేశం గారు.

"ఇష్టమే నాన్నా."

"నాకూ," అంది లాస్య, ఎవరూ అడక్కుండానే.

అత్తయ్య ఆనందం పట్టలేక అతని గ్లాసు మళ్ళీ నింపేసింది. "వద్దు అత్తయ్యా!" అని నేను అరిచేలోపే, అతను లాస్యనే చూస్తూ గటగటా తాగేశాడు.

ఇప్పుడే బస్సెక్కారు. నాన్‌స్టాప్. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. మీరెవరైనా జగ్గయ్యపేట వైపు వెళ్ళే బస్సులో ఉంటే, కిటికీ పక్కన పళ్ళు బిగించుకుని కూర్చున్న నీలం చొక్కా అబ్బాయిని ఒక్కసారి పలకరించండి. బాగానే ఉన్నానంటాడు. నమ్మకండి. దారిలో చిల్లకల్లు ఊరి దగ్గర బస్సు ఆపించండి.