జోబ్ థాకర్ సంతానం, లేవండి

"నా కాగితాలు తిప్పి పంపిన మహానుభావుడు మీరేనా?"

అన్సెల్ లోరింగ్ అప్పుడు నిచ్చెన మీద ఉన్నాడు. నోట్లో రెండు మేకులు, చేతిలో సుత్తి. కారుతున్న హాలు పైకప్పుకి చెక్క ముక్క కొడుతున్నాడు. కిందికి చూశాడు. పసుపుపచ్చ రెయిన్‌కోటు, నడుం మీద చేతులు, తడిసి నుదుటికి అతుక్కున్న ఉంగరాల జుట్టు. ఆ కళ్ళు చూశాక మేకులు మింగకపోవడం అతని అదృష్టం.

"ఏ కాగితాలండీ?" అన్నాడు మేకులు తీసి.

"గుర్తులేనంతగా ఎంతమందివి పంపారేంటి? మారిసా గోమ్స్. జోబ్ థాకర్ వంశం."

"ఓ, మెహిటబెల్!"

"ఆ, మెహిటబెల్. వయసు ఐదేళ్ళు తక్కువైందని మా వంశపు అవ్వని బయటికి గెంటింది మీరేగా?"

టెర్న్ హార్బర్‌లో ఇదేమీ వింత గొడవ కాదు. మా ఊళ్ళో నలుగురు చేరితే ముందు చేపల ధర, ఆ వెంటనే ఎవరి తాత ఏ ఓడ దిగాడన్న మాట. దాదాపు నాలుగు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండు నుంచి 'మెర్సీ' ఓడ వచ్చింది. అందులో వచ్చినవాళ్ళ వారసులు ఏటా సెప్టెంబరులో 'ఓడ రోజు'న ఈ హాల్లో చేరతారు. ఒక్కొక్క ప్రయాణికుడి పేరూ పిలుస్తుంటే వాళ్ళ సంతానం లేచి నిలబడుతుంది. బహుమతీ లేదు, ఆస్తీ లేదు. ఐనా ఆ కాస్తసేపు నిలబడడం కోసం ప్రాణం పెడతారు మావాళ్ళు. నిలబడాలంటే తరతరానికీ రుజువు చూపించాలి. రుజువులు సరిచూసే పని అన్సెల్‌ది. బడిలో చరిత్ర చెబుతాడు కదా అని ఆ వారసుల సంఘం పెద్దయిన అతని మేనత్త విన్నిఫ్రెడ్ ఈ బరువు కూడా నెత్తిన పెట్టింది.

"చూడండి," అంటూ నిచ్చెన దిగాడు. "ఓడలో వచ్చిన జోబ్ థాకర్‌కి కూతురు మెహిటబెల్ పుట్టిన ఏడాది చర్చి పుస్తకంలో ఉంది. లోరింగ్‌ల కోడలు మెహిటబెల్ సమాధి మీద వయసు దానికి సరిగ్గా సరిపోయింది. మీ కాగితాల్లో మీ వంశపు అవ్వ, డనమ్‌ల కోడలు మెహిటబెల్ ఐదేళ్ళు చిన్నది. జోబ్ కూతురు ఈవిడైనా కావాలి, ఆవిడైనా కావాలి."

"లోరింగ్‌లా? ఇంతకీ మీ ఇంటిపేరు?"

అన్సెల్ గొంతు సవరించుకున్నాడు. "లోరింగే."

"బావుందండీ! తీర్పు చెప్పేదీ మీరే, గెలిచేదీ మీరే."

"ఆ లెక్క మా ముత్తాత కట్టింది. నేను అప్పటికి పుట్టలేదు."

"లోయిస్ గోమ్స్ తెలుసా మీకు?"

"చౌడర్ లోయిస్ గారా? తెలియకపోవడమేంటి!"

"మా నానమ్మ. ఏటా మీ అందరికీ వంటింట్లో చేపల సూపు, అదే ఆ చౌడర్, వండుతుంది. మీరు జోబ్ థాకర్ పేరు పిలిచేటప్పుడు గరిటె పక్కన పెట్టి గుమ్మంలోకొచ్చి నిలబడుతుంది. ఎందుకో ఎప్పుడైనా అడిగారా?"

అన్సెల్‌కి ఆ దృశ్యం చిన్నప్పటినుంచీ తెలుసు. గిన్నెలు ఖాళీ అయ్యాయేమో చూడ్డానికి వస్తుందనుకున్నాడు ఇన్నాళ్ళూ. అతని ముఖం వేడెక్కింది.

"మనం ఆ ఇంటి పిల్లలమని వాళ్ళమ్మ చెప్పిందట," అంది మారిసా. "ఇప్పుడావిడకి ఎనభై ఆరు. ఈసారి గుమ్మంలో కాదు, హాల్లో నిలబడాలి."

"నేను ఇంకోసారి సమాధులు చూసొస్తాను."

"మీరు చూసింది చాలు. నేను చూస్తాను. పదండి."

"ఇప్పుడా? వానండీ!"

"వానకి కరుగుతాయా రాళ్ళు?"

అన్సెల్ గోడకున్న నిలువుటద్దం తీసి చంకలో పెట్టుకున్నాడు.

"సమాధుల దగ్గర కూడా ముఖం చూసుకోవాలా? ఇంత సోకైతే కష్టమే."

"రాళ్ళు అరిగిపోయాయి కదండీ. అద్దంతో ఎండని పక్కనుంచి కొట్టిస్తే నీడ పడి అక్షరాలు లేస్తాయి."

"ఎండేదీ?"

"వస్తుంది."

మారిసా ఆకాశం చూసింది, అద్దం చూసింది, అతన్ని చూసింది. నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంది. కొరుక్కున్నా ఆగలేదు.

కొండ మీది సమాధుల దగ్గర దేవదారు చెట్టు కింద ఇద్దరూ, మధ్యలో అద్దం. వాన మాత్రం కదలనంటోంది. ఆమె సంచీలోంచి సాండ్‌విచ్ తీసి సగం తుంచి ఇచ్చింది. ఒక్క ముద్దకే అన్సెల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏం మాంసమండీ ఇది? నిప్పులా ఉంది!"

"లింగ్విసా. కారం పెట్టిన పంది సాసేజి, మా తాత నేర్పిన వంట. ఉప్పు తప్ప ఏమీ ఎరగని నాలుక కదా మీది."

"మీ తాత..."

"కేప్ వెర్డ్ దీవుల నుంచి ఇక్కడ క్రాన్‌బెర్రీ పొలాల్లో పనికి వచ్చాడు. ఆయన్ని చేసుకుందని నానమ్మతో పుట్టింటివాళ్ళు ఏడాదిపాటు మాట్లాడలేదట. మొన్న మీ సంఘంలో ఒకాయన, 'మెర్సీలో గోమ్స్‌లెవరూ ఎక్కలేదే' అన్నాడు నవ్వుతూ."

"మీరేమన్నారు?"

"నిజమేనండీ, మా తాత వేరే ఓడలో వచ్చాడు, టికెట్టు కొనుక్కుని మరీ అన్నాను."

అన్సెల్ పగలబడి నవ్వాడు. అతను నవ్వితే ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోతుందని మారిసా గమనించింది. గమనించినందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

"ఒకవేళ మనిద్దరిదీ జోబ్ వంశమే అయితే మనం చుట్టాలమవుతాం," అన్నాడతను.

"ఎన్నో తరం?"

"పదో తరమో, పదకొండో."

"ఈ ఊళ్ళో అంత దూరం లెక్కేసుకుంటే ఎవరికీ పెళ్ళిళ్ళే కావు."

అని నాలుక కరుచుకుంది. అతను అద్దం తుడవడంలో మునిగిపోయాడు. తుడవడానికి అక్కడ ఏమీ లేదు. అద్దంలోంచి ఆమె చెవులు ఎర్రబడడం మాత్రం బాగా కనిపించింది.

అప్పుడు మబ్బు విడింది. నిజంగానే ఎండ వచ్చింది!

"చెప్పానా?" అని ఎగిరినంత పని చేశాడు.

జోబ్ సమాధి తలవైపు పెద్ద పలక రాయి, కాళ్ళవైపు భూమిలోకి సగం కుంగిన చిన్న రాయి. మా పాత సమాధులన్నిటికీ ఇలాగే ఉంటాయి. తల రాయి మీదే రాత అంతా. కాళ్ళ రాయి మీద మహా అయితే పేరు మొదటి అక్షరాలు చెక్కుతారు. అందుకే దాన్నెవరూ వంగి చదవరు. మారిసాకి ఆ సంగతి తెలియదు. మోకాళ్ళ మీద కూర్చుని నాచు మీద గోరు పెట్టింది.

"గీకొద్దు, గీకొద్దు! రాయికి దెబ్బ!" అని అన్సెల్ పరుగెత్తుకొచ్చి సీసాలో నీళ్ళు పోశాడు, మెత్తటి బ్రష్ అందించాడు. ఆమె మెల్లగా తుడిచింది, చుట్టూ తడి మన్ను తీసింది.

"కాళ్ళ రాయికి ఇన్ని అక్షరాలెందుకండీ?"

అన్సెల్ వంగి చూశాడు. అద్దం ఎత్తి ఎండని రాయి మీదికి ఏటవాలుగా కొట్టించాడు. చదునుగా ఉన్న రాయి మీద గీతలు లేచాయి.

"మె... హి... మెహిటబెల్!" మారిసా అరిచింది. "జోబ్ థాకర్ కూతురు! వయసు..."

ఆగిపోయింది. మరోసారి వేలితో తడిమి చూసింది.

"మూడేళ్ళు."

గాలికి చెట్టు మీది నీళ్ళు జలజలా రాలాయి.

"మూడేళ్ళకే పోయిందా," అంది మారిసా. "అయితే ఇంకేముంది. పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు. మేమూ లేం. నానమ్మకి ఏమని చెప్పను?" కళ్ళు తుడుచుకుంటే బుగ్గకి మట్టి అంటింది.

అన్సెల్ అద్దం దించాడు, రాయి మీది అక్షరాలు మాయమయ్యాయి. ఆమెకి అర్థం కానిది అతనికి అర్థమైంది. 'పదండి, చలిగా ఉంది' అని ఊరుకుంటే చాలు. విన్నిఫ్రెడ్ అత్త సెప్టెంబరులో ఎప్పటిలాగే వేదిక మీంచి తల ఎత్తుకుని చెయ్యెత్తుతుంది, తనూ ఎప్పటిలాగే లేస్తాడు.

"ఏడవకండి," అన్నాడు. "గెలిచింది మీరు."

"వెక్కిరిస్తున్నారా?"

"ఒట్టు! ఇది కాళ్ళ రాయి కాదు, పాప సమాధి రాయే. చర్చి పుస్తకంలో మొదట ఉన్న పుట్టుక ఈ పాపది. ఈ పాప మూడేళ్ళకే పోయింది. అంటే మా ఇంటికొచ్చిన కోడలు ఈ పాప కాదు, ఇంకెవరి అమ్మాయో. ఆ రోజుల్లో బిడ్డ పోతే తర్వాత పుట్టిన బిడ్డకి అదే పేరు పెట్టుకునేవాళ్ళు. ఐదేళ్ళ తర్వాత అదే పుస్తకంలో మళ్ళీ 'జోబ్ కూతురు మెహిటబెల్' అని ఉంది. గుమాస్తా పొరపాటున రెండోసారి రాశాడనుకున్నాడు మా ముత్తాత. అది పొరపాటు కాదు, రెండో పాప!"

"ఐదేళ్ళు చిన్నది," అంది మారిసా. "మా మెహిటబెల్."

"మీ మెహిటబెల్."

"మరి మీరు?"

"మా అసలు అవ్వ ఎవరో వెతుక్కోవాలి. అందాకా కుర్చీలో కూర్చునే సంతానం."

ఆమె అతన్ని కొత్తగా చూసింది. "నోరు మూసుకునుంటే నాకు తెలిసేదే కాదు కదా?"

"నాకు తెలిసేదిగా."

"అన్సెల్, నువ్వు..." అంటూ లేచి, అద్దంతో సహా అతన్ని వాటేసుకుంది.

"అద్దం! పగులుతుంది!"

"పగలనీ!"

పగల్లేదు.

విన్నిఫ్రెడ్ అత్త మాత్రం అన్సెల్ తీసుకెళ్ళిన రాయి ఫోటో చూసి చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుంది.

"మీ ముత్తాత సమాధిలోంచి లేచి కూర్చుంటాడు."

"లేవనీ అత్తా. మనింట్లోంచి ఈ ఏడు ఎవరో ఒకరు లేవాలిగా."

ఆవిడ నవ్వలేదు. "ఓడ రోజున చూద్దాం," అని లోపలికి వెళ్ళిపోయింది. ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

ఆ వేసవంతా అన్సెల్ ఆదివారాలు లోయిస్ ఇంట్లో గడిచాయి. చిక్కుళ్ళు వేసిన జాగ్ అన్నం మారు వడ్డించుకోవడం నేర్చాడు, కారం తట్టుకోవడం నేర్చాడు. మారిసాని అడగవలసిన మాట ఒక్కటే నేర్చుకోలేదు. తరతరానికీ రుజువులడిగే మనిషికి తన మనసులో మాట బయటపెట్టడం చేతకాలేదు. "వీడు నోరు తెరిచేలోపు నేను పోతాను," అని లోయిస్ వినపడేట్టే గొణిగేది.

ఓడ రోజు రానే వచ్చింది. హాలు కిటకిటలాడుతోంది. మారిసా నానమ్మని వంటింట్లోంచి చెయ్యిపట్టి లాక్కొచ్చింది.

"చౌడర్ అడుగంటుతుందే!"

"అంటనీ నానమ్మా."

ఏప్రన్ విప్పనైనా విప్పకుండా లోయిస్ మూడో వరసలో కూర్చుంది. పక్కన మారిసా, ఆ పక్కన అన్సెల్. వేదిక మీద విన్నిఫ్రెడ్ పేర్లు పిలుస్తోంది. ఒక్కో పేరుకీ ముసలీ ముతకా, చంకన పిల్లలతో తల్లులు లేస్తున్నారు. ఆ ఇంటివాళ్ళని కట్టుకున్నవాళ్ళూ, కట్టుకోబోయేవాళ్ళూ కూడా పక్కన లేస్తున్నారు. అది మా ఆచారమే.

విన్నిఫ్రెడ్ ఆగింది. కాగితం పక్కన పెట్టింది.

"ఇన్నేళ్ళూ ఈ పేరు పిలిచి నేనే చెయ్యెత్తేదాన్ని. ఈసారి ఎత్తను. మాది పొరపాటు." ఆవిడ మూడో వరసలో లోయిస్ వైపు చూపించింది. "మీకందరికీ అన్నం పెట్టిన చెయ్యి అది. జోబ్ థాకర్ సంతానం, లేవండి!"

లోయిస్ లేవలేకపోయింది. మోకాళ్ళు కాదు, ఏడుపు అడ్డొచ్చింది. మనవరాలి భుజం పట్టుకుని మెల్లగా నిలబడింది. హాలంతా చప్పట్లు మోగిపోయాయి. అన్సెల్ కుర్చీలోనే కూర్చుని అందరికంటే గట్టిగా కొడుతున్నాడు.

మారిసా వంగి అతని చొక్కా పట్టుకుంది. "లే."

"నేనెలా లేస్తాను? నాకు హక్కు లేదుగా."

"కట్టుకోబోయేవాళ్ళకి ఉందిగా."

అన్సెల్ చేతులు గాల్లోనే ఆగిపోయాయి. "ఏమన్నావ్?"

"ఇంకోసారి అనను."

"మారిసా, నేనే అడుగుదామనుకున్నాను. వేసవంతా..."

"వినపడుతోందర్రా," మైకులోంచి విన్నిఫ్రెడ్ గొంతు ఉరిమింది. కళ్ళు మాత్రం చెమ్మగిల్లాయి. "ఒరే అన్సెల్, లేస్తావా, లేవవా? తర్వాత ఇంకా పదకొండు పేర్లున్నాయి!"

అన్సెల్ లేచాడు. లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. లోయిస్ ఏప్రన్ కొంగుతో ముఖం తుడుచుకుని, అతన్ని తమ ఇద్దరి మధ్యకీ లాక్కుంది.