తరగని వాసన

వకుళ పోలారావు తలుపు ముందు ఆగేసరికి ఆ వసారాలో ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క వేళ నడుస్తోంది. ఎడమ ఇంటి కిటికీ తెర మీద మిట్టమధ్యాహ్నపు ఎండ, కుడి ఇంటి తెర మీద సాయంకాలపు నారింజ రంగు. పోలారావు తెర మీద మాత్రం అప్పుడే సూర్యోదయం మొదలైంది. ఆ తెరలు ఎవరి పనివేళకు తగ్గ పగలు వాళ్ళకు చూపిస్తాయి; సముద్రంలో అతని పోటు మొదలుకాబోతోందన్నమాట.

ఈ నివాసగోపురంలో ఉండేవాళ్ళందరూ పోటుపాళి మనుషులే. సముద్రం పొంగినప్పుడు కరెంటు తీసే చక్రాలు తిరుగుతాయి, చక్రాలు తిరిగేటప్పుడు మనిషి వాటి దగ్గర ఉండాలి. నిన్న వెళ్ళిన వేళకు ఇవాళ వెళ్ళడం ఉండదు. ఆ జారుడు జీవితానికి ఇంటిల్లిపాదినీ అలవాటు చెయ్యడం సంస్థలోని అనుకూలన విభాగం బాధ్యత. పెంపుడు జంతువులు వకుళ వంతుకు వచ్చాయి.

తలుపు తీసిన పోలారావు ఆమె భుజానున్న సంచీని చూశాడు, ఆమెను చూడలేదు.

"ఇయాలే తీసికెళ్ళిపోతారేటమ్మా?"

"ఇవాళ చివరి పరీక్ష. తీసుకెళ్ళడం దాని తర్వాతి మాట."

జీడిగింజలా నల్లగా మెరిసే కుక్క గోడకు ఎదురుగా కూర్చుని ఉంది. దాని పేరూ జీడే. ఆ గోడలో ఉనికిధార బిగించి ఉంది. పోలారావు తువ్వాలు నుంచి సంగ్రహించిన అతని ఒంటి వాసనను ఆ యంత్రం ఎల్లవేళలా ఒకే మోతాదులో గదిలోకి వదులుతుంది. యజమాని ఇంట్లో లేడన్న సంగతి ప్రాణికి తెలియకూడదని సంస్థ ఉద్దేశం. సంస్థ ఉద్దేశాలు ఎప్పుడూ మెత్తగానే ఉంటాయి.

"జీడీ!" అని పిలిచాడు పోలారావు.

కుక్క అతన్ని చూసింది. గోడను చూసింది. మళ్ళీ అతన్ని చూసి పళ్ళు బయటపెట్టింది.

"సూసేరా? నన్ను సూసి మొరుగుతాది, గోడని సూసి తోకాడిత్తాది. గోడే పోలారావైతే నానెవుల్నమ్మా?" అని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

ఇలాంటి కుక్కలను వకుళ ఈ గోపురంలో చాలా ఇళ్ళలో చూసింది. తిండి మానేస్తాయి, యజమాని ఇంట్లో ఉండగా అతనికోసం వెతుకుతాయి, వచ్చినవాణ్ణి దొంగలా చూస్తాయి. నియమావళి ప్రకారం ఆమె ప్రతిసారీ ఉనికిధార మోతాదు పెంచింది. మోతాదుతోపాటు గందరగోళమూ పెరిగింది. చివరి పరీక్షలోనూ తప్పిన జంతువులను శాంతిశాలకు తరలిస్తారు. అక్కణ్ణుంచి తిరిగివచ్చిన కుక్కను ఆమె ఇంతవరకు చూడలేదు. ఆ పేరు పెట్టినవారికి భాష మీద మంచి పట్టుందని మాత్రం ఒప్పుకోవాలి.

ఆమె చెయ్యి అలవాటుగా మోతాదు మర మీదికి వెళ్ళింది.

"ఇది పిల్లప్పుడు ఇలాగ నేదమ్మా" అన్నాడు పోలారావు వెనకనుంచి. "ఏటకెల్లే రోజుల్లో నాకో వేళా పాళా ఉండీదేటి? ఓ పోటుకెల్లి మరో పోటుకొచ్చీవోణ్ణి. ఓనాడు పొద్దున్నే, ఓనాడు మిట్టమజ్జేనం. అప్పుడిది నా చెప్పులిడిసిన కాడ వాసన సూసీది, పడుకునీది. కాసేపాగి మళ్ళీ సూసీది. ఇంకేటి, నానొచ్చేత్తాననగా లేచి తలుపు కాడ నిలబడీదంట. మాయమ్మ సెప్పీది."

వకుళ చెయ్యి మర మీదే నిలిచిపోయింది.

"కాసేపాగి మళ్ళీ చూసేదా? ఎందుకు?"

"అది దాన్నడగాల."

ఆమె నిజంగానే కుక్క వైపు తిరిగింది. వెళ్ళిన మనిషి వాసన గడప దగ్గర క్షణక్షణానికీ పలచబడుతుంది. ఎంత పలచబడితే మనిషి వస్తాడో జీడికి తెలుసు. దానికి సూర్యుడితో పనిలేదు, పాళి ఎప్పుడు మొదలైందన్నదానితోనూ పనిలేదు. అది కొలిచింది లేమిని. తరగని వాసనతో సంస్థ దాని గడియారాన్ని పగలగొట్టి, ఆ ముక్కలకు ఓదార్పు అని పేరు పెట్టింది. ఆ పగలగొట్టిన చెయ్యి తనదేనని వకుళకు అప్పుడు తెలిసింది.

ఆమె మరను సున్నాకు తిప్పి, గాలిగవాక్షం తెరిచింది.

"మీరు పనికి వెళ్ళండి."

"మీరో?"

"ఇక్కడే కూర్చుంటాను."

"మళ్ళీ పోటు దాకానా?" అతను ఇంటి చెప్పులు విడిచి బూట్లు తొడుక్కున్నాడు. "గిన్నెలో సారన్నం ఉంది. మొగమాటపడకండేం."

అతను వెళ్ళాక జీడి గోడ దగ్గరికి పరిగెత్తింది. ఉనికిధార మూతిని ముక్కుతో పొడిచింది, గీరింది, సన్నగా ఏడ్చింది. వకుళ చెవిలో పెట్టుకున్న పరికరంలో పర్యవేక్షకుడు నిఖిలేశ్ గొంతు పలికింది.

"మేడమ్, అక్కడ ధార సున్నా చూపిస్తోంది. యంత్రం చెడిందా?"

"చెడలేదు. నేను ఆపాను."

"జంతువు తట్టుకోలేదు మేడమ్."

"మనిషి వెళ్ళాడు నిఖిలేశ్. వెళ్ళాడని దానికి తెలియాలి కదా."

"తెలియకుండా చూడటమే కదండీ మన పని?"

ఆ ప్రశ్నలో వెటకారం లేదు.

ఆమె వెళ్ళవలసిన మిగతా ఇళ్ళు ఒక్కొక్కటే వాయిదా పడ్డాయి. గది గాలి శుభ్రపడింది. జీడి గోడను వదిలి, దిక్కు తోచనట్టు రెండు చుట్లు తిరిగి, చివరికి పోలారావు ఇంటి చెప్పులు విడిచిన చోట ఆగింది. చాలాసేపు పీల్చింది. తరువాత, ఎవరో లెక్క ఒప్పజెప్పినట్టు నిట్టూర్చి పడుకుంది. నిద్రలేచి మళ్ళీ పీల్చింది. తన గిన్నెలోది తింది. వకుళకు పెట్టిన చారన్నం కూడా సగం తింది. కిటికీ తెర మీద అబద్ధపు ఎండలు మారుతుంటే ఒక్కసారైనా అటు చూడలేదు.

ఒక వేళకు అది లేచి, చెప్పులను మరోసారి వాసన చూసి, తలుపుకు ముక్కు ఆనించి నిలబడింది. లిఫ్టు చప్పుడు ఆ తరువాత వినిపించింది.

ఉప్పునీటి కంపుతో లోపలికి వచ్చిన పోలారావు మీదికి జీడి రెండు కాళ్ళెత్తి దూకింది. అతను అలాగే నేల మీద కూలబడ్డాడు.

"ఓసి నీ... ఇన్నాళ్ళూ గోడతో కాపరం సేసేవేటే!" అన్నాడు. దాని మెడలో ముఖం దాచుకుని ఇంకేదో అన్నాడు గాని, అది వకుళకు వినపడలేదు.

చెవిలో నిఖిలేశ్ ఉత్సాహపడ్డాడు. "నెగ్గింది మేడమ్! సఫలం మీట నొక్కెయ్యండి. ముందు ధార మళ్ళీ పెట్టండి, మరిచిపోకండి."

"పెడితే ఇది మళ్ళీ గోడ దగ్గరికే పోతుంది."

"పెట్టకుండా నొక్కితే ఆ అమరికే గోపురమంతా పాకుతుంది. మీకు తెలియనిదేముంది?"

తెలుసు. ఒక ఇంట నెగ్గిన అమరిక తనంతట తానే ఇంటింటికీ చేరడం సంస్థ గర్వంగా చెప్పుకునే ఏర్పాటు. ఉనికిధారలు కుక్కల దగ్గర మొదలై పిల్లల గదులకు, ముసలివాళ్ళ మంచాల పక్కకు చేరిన సంగతి కూడా ఆమెకు తెలుసు. తల్లులకు పాళి మీద పాళి వేసినా ఏ ఇంటి నుంచీ ఒక్క ఏడుపు వినిపించకపోవడానికి కారణం అదే.

"పిల్లల గదుల్లోనూ ఇదే ధార మేడమ్. అర్థమవుతోందా? పోనీ విఫలం నొక్కండి. పోతే ఒక్క కుక్క."

పోలారావుకు ఆ గొంతు వినపడదు. అతను వకుళ ముఖం చూశాడు. కుక్కను ఇంకొంచెం దగ్గరకు లాక్కున్నాడు.

"నాకు అర్థం కావడానికి ఇంత వయసు పట్టింది, నిఖిలేశ్" అంది వకుళ. ధారను సున్నా దగ్గరే ఉంచి, సఫలం నొక్కింది.

గోడలలో ఇన్నేళ్ళుగా ఉన్న సన్నని హోరు ఆగిపోయింది. అది ఆగేదాకా అక్కడ హోరుండేదని ఎవరికీ తెలియదు.

ఇంటింటా వాసన మెల్లగా పలచబడింది. తరువాత పక్కింట్లో ఒక పసివాడు ఏడ్చాడు. కింది అంతస్తులో మరొకరు. తలుపులు తెరుచుకున్నాయి. వసారాలోకి వచ్చిన మనుషుల ముఖాల మీద తలా ఒక వేళ వెలుగు. "ఏటిది, ఇల్లు బోసిగా ఉంది?" అని ఒక ముసలాయన గోడను తడుముతున్నాడు. ఎదురింటి చిన్నపిల్ల గుమ్మంలో నిలబడి వకుళను అడిగింది:

"మా అమ్మ ఎప్పుడెళ్ళిపోయింది?"

జీడి పోలారావు ఒడి దిగి వెళ్ళి, ఆ పిల్ల గడపను శ్రద్ధగా వాసన చూసి, పక్కనే కూర్చుంది. పిల్ల కూడా దాని పక్కన కూర్చుని, లిఫ్టు వైపు చూడసాగింది.

వకుళ చెవిలోని గొంతును తీసి సంచీలో వేసుకుంది. బయట సముద్రం పొంగుతోంది. చక్రాల దగ్గర ఉండవలసిన తరువాతి పాళివాళ్ళు, తొడుక్కున్న బూట్లతో, తమ తమ తలుపుల దగ్గర ఇంకా నిలబడే ఉన్నారు.