అరువు మొహం

"రెప్ప వెయ్యకు! ఊపిరి బిగబట్టకు! టికెట్టు సంగతి మర్చిపోయి, నిన్నటి వంకాయకూర తలుచుకో!"

రెండువేల యాభై ఎనిమిదో సంవత్సరం, బుధవారం, మధ్యాహ్నం మూడు గంటలు. రాజమండ్రిలో ఒక ఇంజినీరింగు కాలేజీ హాస్టల్ మెస్సులో బల్లెక్కి నిలబడి నేనలా గర్జిస్తున్నాను. ఎదురుగా యోహాన్ అనే కుర్రాడు ఫోను కెమెరాలోకి చూస్తూ, ముక్కూ మొహం తెలియని ఒక అమ్మాయికి గౌహతి విమానం టికెట్టు కొంటున్నాడు. తెర మీద వెయ్యీ యాభై. నొక్కాడు. నలభై మంది ఈలలేశారు. అదే టికెట్టు ఆ అమ్మాయి తన మొహంతో కొనుక్కుంటే నలభై వేలు!

ఇదేం మాయ అంటారేమో. మాయ కంపెనీది, విరుగుడు నాది.

మేఘయాన్ అని ఒక కంపెనీ దేశంలో విమానాలన్నీ కొనిపారేసి, టికెట్టుకి ధర అనేదే లేకుండా చేసింది. ధర మీ మొహంలోనే ఉంటుందంది. టికెట్టు కావాలంటే ఫోను కెమెరాకి మొహం చూపిస్తూ వేలితో నొక్కాలి. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద నెత్తురు పొంగి మొహం రంగు వెంట్రుకవాసి మారుతుంది. మన కంటికి ఆనదు, కెమెరాకి ఆనుతుంది. కంటిపాప ఎంత విచ్చుకుందో, వేలు ఎంత వణికిందో కూడా అదే చూస్తుంది. మూడూ కలిపి సున్నా నుంచి వంద దాకా ఒక అంకె వేస్తుంది. కంపెనీవాళ్ళు దానికి పెట్టుకున్న పేరు స్మార్ట్ ఫేర్. మేం పెట్టింది ఆత్రం మీటరు. ఆత్రం సున్నా అయితే తొమ్మిదివందలు, వందకి వంద అయితే తొంభై వేలు. షికారు వెళ్ళే షావుకారుకి తొమ్మిదివందలు, చావుకబురు విని పరిగెత్తేవాడికి తొంభై వేలు. అదండీ న్యాయం!

దీన్ని పడగొట్టినవాణ్ణి నేను, పంతం సూరన్నని. అదే కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ముప్పైఎనిమిదేళ్ళు అసిస్టెంటుగా చేశాను. ప్రొఫెసర్లు వచ్చారు, పోయారు. ఫిజిక్స్ మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఇక బేరమంటారా, పుష్కరాల రేవులో అరటిపళ్ళవాడితో నేను బేరం మొదలెట్టిన ఏడాది గోదారి వరద తగ్గింది గానీ నేను తగ్గలేదు. నా పెళ్ళిలో పురోహితుడు దక్షిణ దగ్గర నాతో పెట్టుకుని, ఆఖరికి నాకే ఎదురిచ్చి పోయాడు.

కిటుకు చిన్నది. చీరల కొట్లో, చీర కావలసినావిడ నోరెత్తదు. కూడా వచ్చిన పక్కింటావిడ బేరమాడుతుంది. ఆవిడకి ఆ చీర అక్కర్లేదు గనక "పదవే, ఇంకో కొట్లో చూద్దాం" అని చల్లగా మెట్లు దిగేస్తుంది. కొట్టువాడు వెనకాల పరిగెత్తుకొస్తాడు. అంతే! నీ టికెట్టు నేను కొంటాను, నా టికెట్టు ఇంకెవడో కొంటాడు. పిల్లలు దీనికి అరువు మొహం అని పేరు పెట్టారు. నియమం ఒక్కటే: ఎందుకెళ్తున్నావని అడగకూడదు. తెలిసిందా, మనకీ ఆత్రం అంటుకుంటుంది. గోదారి మనిషిని ఆ ఒక్క ప్రశ్న అడగొద్దనడం, తలంటుకో గానీ తల తడవకూడదన్నట్టే. అయినా ఆర్నెల్లు నెట్టుకొచ్చాం. బస్సు చార్జీకి విమానమెక్కాం.

ఆరోజు మెస్సులో మూలబల్ల దగ్గర ఒకావిడ కూర్చుని ఉంది. డాక్టర్ వేలూరి ఇందుమతి. ఆత్రం మీటరు కనిపెట్టిన సైంటిస్టు స్వయంగా ఆవిడే. రాజమండ్రిలో ఎవరికీ ఏ ఆత్రమూ ఉండటం లేదేమిటని కంపెనీకి అనుమానమొచ్చి ఆవిణ్ణి పంపింది. మేం దాక్కున్నామా? కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, ఆవిడ కళ్ళముందే కొంటున్నాం.

"ఇది మోసమండీ" అంది ఆవిడ నెమ్మదిగా.

"కొనేది మనిషే, డబ్బు అసలుదే. మోసమెక్కడుంది మేడం?" అన్నాను.

"అవసరం ఆ అమ్మాయిది, మొహం ఈ అబ్బాయిది."

"విమానం మీది, ఆత్రం మాది. మా ఆత్రానికి మీరు రేటు కట్టడమేంటి మరి?"

"అందరికీ ఒకే ధర పెడితే అవసరం లేనివాళ్ళు సీట్లు నింపేస్తారు. మీటరు ఎవరికి నిజంగా కావాలో వాళ్ళని గుర్తిస్తుంది."

"గుర్తించి జేబు కొడుతుంది" అన్నాడు యోహాన్. మెస్సంతా గొల్లున నవ్వింది.

అప్పుడొచ్చింది గెడ్డం హిమజ. సివిల్ మూడో సంవత్సరం. పరిగెత్తుకొచ్చిందేమో, చున్నీ సగం నేల మీద ఈడుస్తోంది.

"మాస్టారూ, రేప్పొద్దుట అండమాన్ విమానం. ఒక్క సీటే ఉంది. నాలుగింటికి బుకింగ్ మూసేస్తారు. ఇది తప్పితే మళ్ళీ శనివారమే." తన ఫోను చూపించింది. తొంభై వేలు, రూపాయి తక్కువ లేదు. "నా దగ్గర నాలుగు వేలున్నాయి."

గోడ గడియారం చూశాను. మూడూ నలభై. "ఇంకెవరో ఎందుకమ్మా, నేనే కొంటాను. ముగ్గురు డాక్టర్లు నా నాడి పట్టుకు చూసి, ఈయన పోయాడని రాసేశారు. అంత చల్లటి గుండె నాది!"

ఫోను అందుకున్నాను. తొమ్మిదివందల అరవై.

"చూశారా మేడం!" అని మూలకి ఒక చూపు విసిరి వేలు ఎత్తాను. ఇక నొక్కడమే తరువాయి. సరిగ్గా అప్పుడు, డెబ్భైరెండేళ్ళుగా నాతో ఉంటున్న నాలుక నాకు ద్రోహం చేసింది.

"ఎవరి తాలూకమ్మా మీరు? అండమాన్లో ఎవరున్నారు?"

మెస్సులో నలభై తలలు ఒక్కసారి తిరిగాయి.

"వద్దు మాస్టారూ, నొక్కెయ్యండి" అంది హిమజ.

"ఊరికే అడిగాను. నాకేం కాదులే, చెప్పు."

"మా నాన్నండీ. అక్కడ పడవ ఇంజిన్లు బాగుచేస్తాడు. నాలుగేళ్ళ కిందట ఇంజిను పేలి కళ్ళు పోయాయి. ఇప్పుడు కొత్త రెటీనాలు పెట్టారు. శుక్రవారం పదింటికి కట్టు విప్పుతారు. మా హిమ వచ్చేదాకా కళ్ళు తెరవనంటున్నాడట. మొదట నా మొహమే చూడాలట. ఆ రోజు వెలుతురు తగలకపోతే రెటీనాలు చచ్చిపోతాయని డాక్టరు ఎంత చెప్పినా వినట్లేదు. మా నాన్న అన్నాడంటే అన్నాడే మాస్టారూ. రెప్పలు బిగించుకు కూర్చుంటాడు."

తెర వైపు చూశాను. నాలుగు వేలు. ముప్పైఒక్క వేలు. డెబ్భైఆరు వేలు.

"ఆగవే! ఆగు!" అని మీటరు మీద అరిచాను. గట్టిగా కళ్ళు మూసుకుని వంకాయకూర తలుచుకున్నాను. కళ్ళు మూస్తే మీటరు పనిచెయ్యదు. తెరిచాను. ఎనభైరెండు వేలు!

అప్పటికి కథ మెస్సంతా వినేసింది. ఫోను చేతులు మారింది. యోహాన్‌కి అరవై వేలు. వెనక బల్ల మీద చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకు పడుకున్నవాణ్ణి లేపి చూపిస్తే నాలుగొందలు తక్కువ యాభై వేలు. ఆ చెవి యంత్రాల్లోంచి సగం కథ దూరిపోయింది. వంట మంగాయమ్మ చేతికిచ్చేసరికి తొంభై వేలకి ఎక్కి కూర్చుంది. "ఓలమ్మో, కళ్ళు తెరవమనండర్రా ఆ మనిషిని" అని కొంగుతో కళ్ళొత్తుకుంది. ఒకడు రోడ్డు మీదకి పరిగెత్తి ఆటో ఆయన్ని లాక్కొచ్చాడు. ఆయన గుమ్మం దాటకుండానే "ఏమైంది బాబూ, అమ్మాయికి ఏమైంది?" అని అడిగేశాడు. చెప్పకా తప్పలేదు, చెప్పీ లాభం లేకపోయింది.

మూడూ యాభైరెండు.

"చూశారుగా" అంది ఇందుమతి. గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "మీటరు తన పని తాను చేస్తోంది. మనసున్న ఎవరి దగ్గరైనా ఇంతే."

హిమజ తిన్నగా ఆవిడ బల్ల దగ్గరికి నడిచింది. ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు.

"అయితే మీ మొహం పెట్టండి మేడం."

"నాకూ ఎక్కువే వస్తుందమ్మా. నేనూ విన్నానుగా. నేనూ మనిషినే."

"రానివ్వండి. ఎక్కువొస్తే అరువు మొహాలు ఇవాళ్టితో ఆపేస్తాం. తక్కువొస్తే మీరు నొక్కాలి. మీ మీటరంటే మీకు భయమా?"

శభాష్! ఆ పిల్లకి ఆ మాట నేనే నేర్పి ఉంటాను.

ఇందుమతి చిన్నగా నవ్వింది. ఫోను తీసుకుంది. జుట్టు సర్దుకుంది, కెమెరాలోకి చూసింది.

తొమ్మిదివందలు.

ఆవిడ చీరకొంగుతో కెమెరా తుడిచింది. మళ్ళీ చూసింది. తొమ్మిదివందలు.

"మీ నాన్నగారికి ఎన్నేళ్ళు?"

"యాభైరెండండీ."

తొమ్మిదివందలు.

"నాలుగేళ్ళూ... అసలేమీ కనబడలేదా?"

"లేదు మేడం. నేను వెళ్ళినప్పుడల్లా చేత్తో మొహం తడిమి, ఎంత ఎదిగానో చూసుకునేవాడు."

తొమ్మిదివందలు. ఒక్క రూపాయి కదిలితే ఒట్టు.

"మీటర్లో ఏదో లోపం ఉన్నట్టుంది" అంది ఆవిడ. ఆ గొంతులో ఇందాకటి నెమ్మది లేదు.

నేను గోడ గడియారం చూపించాను. "అది తరవాత చూసుకుందురుగాని మేడం. మూడూ యాభైఎనిమిది. నొక్కండి."

నొక్కింది. టికెట్టు వచ్చింది. ఆ రోజు మెస్సులో లేచిన కేకకి వంతెన మీద రైలు ఆగిందని విన్నాను. హిమజ ఆవిడ చేయి రెండు చేతులతో పట్టుకుని ఊపేసి, బ్యాగు సర్దుకోవడానికి పరిగెత్తింది.

మా పిల్లలు ఆలస్యం చేసేవాళ్ళా? క్షణంలో ఇందుమతి బల్ల ముందు వరస కట్టారు. ఆర్నెల్లుగా ఎవరికీ చెప్పకుండా నోరు కట్టుకున్నవాళ్ళు, ఇప్పుడు కడుపులోదంతా చెప్పుకోవచ్చు. చెప్పినా ధర పెరగదు! ఒకడు జైపూర్లో అన్నయ్య ఎవరితోనూ మాట్లాడకుండా గది తలుపు వేసుకున్నాడన్నాడు. ఒకమ్మాయి తనతో కవలగా పుట్టిన అక్క పురిటికి వెళ్ళాలంది. ఆవిడ వాళ్ళ మొహాల్లోకి చూస్తూ విన్నది. మధ్యలో ఆపి ప్రశ్నలు కూడా వేసింది. ఒక్కొక్కటీ విన్నాక, తెర వైపు గబుక్కున చూసేది. నొక్కేది.

అయిదింటికి కంపెనీ కారొచ్చింది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టి, లోపలికొచ్చి, వెళ్ళిపోయాడు. ఆవిడ లేవలేదు. కాఫీ చల్లారిపోయింది. పంతొమ్మిదో టికెట్టు కూడా తొమ్మిదివందలే.

డాక్టర్ ఇందుమతి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. వరస చివరిదాకా చూసింది.

"ఇంతకంటే పెద్ద కష్టం ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ముందుకి రండమ్మా" అంది.