పంతొమ్మిది సీట్లు వెనక్కి

ఉదయం 8:40.

రాయదుర్గం మెట్రో మెట్ల కింద అద్దె సైకిళ్ల స్టాండ్. యాప్‌లో పంతొమ్మిది సైకిళ్లు. స్టాండ్‌లోనూ పంతొమ్మిదే. ఎక్కడానికి మాత్రం ఒక్కటీ లేదు. అన్నింటి సీట్లూ వెనక్కి తిరిగి ఉన్నాయి. సీటు తిప్పి ఉంటే బండి చెడినట్టు గుర్తు.

రైలు దిగినవాళ్లు చూశారు. తిట్టుకుంటూ నడిచారు.

కొట్టు నిండా సరుకు, అమ్మకం సున్నా. సీఐగా రిటైరై, సైకిళ్ల కంపెనీ తరఫున విచారణకొచ్చిన సోమేశ్వరరావుకు అలాగే అనిపించింది.

మూడు వారాలుగా ఇదే తంతు. తొమ్మిదిన్నరకు వ్యాన్ వచ్చి వీటిని జీడిమెట్ల షెడ్డుకు తీసుకుపోతుంది. అక్కడ మెకానిక్ ఏ లోపమూ లేదంటే, సాయంత్రానికి ఆఫీసుల దగ్గరి స్టాండ్లకు చేరుస్తారు. ఆటోవాళ్లతో కుమ్మక్కై వాచ్‌మన్ పోచయ్యే సీట్లు తిప్పుతున్నాడని మేనేజర్ పార్థసారథి అనుమానం. పదింటికల్లా ఇంకో పేరు తేలకపోతే పోచయ్య ఉద్యోగం పోతుంది.

"నిన్న ఎన్నింటికి డ్యూటీ దిగావు?" పోచయ్యను అడిగాడు సోమేశ్వరరావు.

"సాయంత్రం ఆరింటికి సార్."

"పొద్దున?"

"ఆరింటికే ఎక్కిన. అప్పటికే గిట్ల తిరిగున్నయ్."

"నువ్వు తిప్పలేదా?"

"నేనెందుకు తిప్పుత సార్? రోజూ తిట్లు పడేది నాకే గద!"

సోమేశ్వరరావు ఒక సీటు సరిచేసి తొక్కి చూశాడు. చైన్ గట్టిగా ఉంది. బ్రేకులు పడుతున్నాయి.

రాత్రి వాన కురిసింది. ప్రతి సీటుకూ పాలిథిన్ కవరు తొడిగి ఉంది. చెత్తేలే అని ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. అతను ఒక్కో కవరూ చదివాడు. మందుల షాపు. చీరల షాపు. బిర్యానీ పార్సిల్. ఏడో సైకిల్‌కు పచ్చ అక్షరాల బేకరీ.

వ్యాన్‌ను ఆపించాడు.

9:50. సైకిల్ దొరకడం లేదని ఆ వారం నాలుగు ఫిర్యాదులు పెట్టిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి శ్రీలత రైలు దిగింది. ఆమె టిఫిన్ బాక్సు కూడా కవర్లోనే ఉంది. పచ్చ అక్షరాలు.

"చెడిన బండి సీటు తడవకుండా ఎవరు చూసుకుంటారు?" అన్నాడు సోమేశ్వరరావు. "పోచయ్య తొడిగితే అన్నీ ఒకే కట్టలోవి ఉండేవి. ఇవి పంతొమ్మిది ఇళ్ల కవర్లు. ఏడో సైకిల్ మీదే కదమ్మా?"

శ్రీలత ముఖం కందిపోయింది. "ఇంటికెళ్లేటప్పుడు తిప్పి పెట్టుకుంటానండి. బస్సు సీట్లో కర్చీఫ్ వేయమా, అలాగే. ముందు రైలువాళ్లు ముట్టుకోరని."

"మీరొచ్చేలోపే వ్యాన్ ఎత్తుకుపోతోందిగా?"

"అందుకేనండి, రేపట్నుంచి రెండు తిప్పుదామనుకున్నా."

"చూసిండ్రా సార్, నేను కాదు!" పోచయ్య అప్పుడే వచ్చిన మేనేజర్ వైపు తిరిగాడు.

పార్థసారథి ఫోన్‌లో రిపోర్టు తెరిచాడు. "పంతొమ్మిది మంది కస్టమర్లను దొంగలని రాస్తే రేపు తొక్కేదెవరు సార్? ఇక్కడ ఒక్క పేరుకే చోటుంది."

"పోచయ్య చేసిందేముంది?"

"ఆపలేదు."

"ఆరింటికే దిగిపొమ్మన్నది మీరే కదండీ?"

పార్థసారథి టైప్ చేస్తూనే ఉన్నాడు.

"ఇగ రేపు రావద్దా సార్?"

పోచయ్య అడిగింది సోమేశ్వరరావుని. ఉద్యోగం నిలబెట్టే అధికారం ఆయనకు లేదు. తన చెప్పులకేసి చూసుకున్నాడు.

పోచయ్య విజిల్ తీసి మేనేజర్ చేతిలో పెట్టాడు. వెళ్లే ముందు సీట్లన్నీ సరిచేశాడు. పది నిమిషాల్లో పంతొమ్మిదీ రోడ్డెక్కాయి.

సాయంత్రం 6:20. మొదటి సైకిల్ తిరిగొచ్చింది. దిగినతను అటూ ఇటూ చూసి, జేబులోంచి కవరు తీశాడు.

"తిప్పకండి!" మెట్ల మీంచి సోమేశ్వరరావు అరిచాడు.

"మీరు వాచ్‌మనా?"

"కాదు."

"మరింకేంది?"

సీటు వెనక్కి తిరిగింది.