వెనక్కి వచ్చే చెయ్యి

"మళ్ళీ పెట్టమ్మా," అన్నాడు డాక్టర్ ఖలీల్.

దమయంతి మూడు వేళ్ళు ఆయన మణికట్టు మీద ఆనించింది. నాడి ఒక్కసారి కొట్టుకుందో లేదో, నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి వచ్చేసింది. అలా రావడం అది పదకొండోసారి.

ఆ చేతికి ఈ విద్య నేర్పింది ఆయన కనిపెట్టిన రిఫ్లెక్స్ గ్లవ్. ఆమె సైన్యంలో ఉన్న రోజుల్లో శత్రువులు భూమిలో పాతిపెట్టే మైన్లు, అంటే మందుపాతరలు, వేలు తగిలితే లోపల సన్నగా అదిరేవి. అరక్షణంలో చెయ్యి తీసేస్తే పేలవు. ఆలోచించి తీసేంత వ్యవధి మనిషికి ఎక్కడిది? అందుకే మెదడుతో పని లేకుండా, అదురు తగలగానే చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేలా ఆ గ్లవ్ నరాలకు అలవాటు చేస్తుంది.

సైన్యంలో నాలుగేళ్ళు చేస్తే మెడిసిన్ చదువు ఖర్చంతా ప్రభుత్వానిదే. మూతపడ్డ జనపనార మిల్లు కార్మికుడి కూతురు దమయంతికి డాక్టరయ్యే దారి వేరే కనిపించలేదు. ఆరువందల మైన్లు తీసి, పది వేళ్ళతో క్షేమంగా కాలేజీలో చేరింది. శవాలు కోసే గదిలో ఆమె చేతికున్న నిలకడ చూసి ప్రొఫెసర్లు ముచ్చటపడ్డారు. వార్డులో అడుగుపెట్టాకే సంగతి బయటపడింది. బతికున్న ఒంట్లో అదురు ఉంటుంది మరి!

"దీన్ని తీసెయ్యలేరా సార్? నెలలో ప్రాక్టికల్స్. నాడి చేత్తో చూడకపోతే సీటు తీసేస్తారు. సైన్యం ఇంకోసారి చదివించదు."

ఖలీల్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నా గ్లవ్‌కి నేర్పడమే వచ్చు, మరిపించడం రాదు. నీ వేళ్ళు పోకూడదనే చూశాను. ఆ వేళ్ళతో తర్వాత ఎవర్ని ముట్టుకుంటావో ఆలోచించలేదమ్మా. తప్పు నాదే." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "ఒకే మనిషి నాడి రోజూ పట్టుకుని చూడు. ఆ అదురుకి భయం లేదని నీ చేతికి తెలిస్తే, ఏదో ఒకరోజు నిలబడొచ్చు."

మూడో వార్డులో గుండెజబ్బుతో ఉన్న అప్పలసూరి ఒప్పుకున్నాడు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన ముసలాయన.

"ఒట్టినే పడున్న సెయ్యే కదమ్మీ, అట్టుకో," అన్నాడు. చెయ్యి వెనక్కి వచ్చినప్పుడల్లా పకపకా నవ్వేవాడు. "నానేటి బాంబునేటి?"

ఇరవై రోజులు గడిచాయి. నాడి ఒక్క దెబ్బ కొట్టేదాకా తప్ప చెయ్యి నిలవలేదు. ఆమెకి ఏడుపొస్తే ఆయనే ఓదార్చేవాడు. "రేపు నిలబడతాది సూడు. నాను ఎక్కడికీ పోను."

ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం ఆయన్ని ఇంటికి పంపిస్తామన్నారు. మానిటర్ వైర్లు పొద్దున్నే విప్పేశారు. ఇక ఇదే ఆఖరి ప్రయత్నమనుకుంటూ దమయంతి వచ్చేసరికి ఆయన కునుకు తీస్తున్నట్టున్నాడు. లేపడం ఎందుకని స్టూలు లాక్కుని కూర్చుని, మణికట్టు మీద వేళ్ళు పెట్టింది.

చెయ్యి నిలబడింది.

పది సెకన్లు లెక్కపెట్టింది. ఇరవై లెక్కపెట్టింది. చెయ్యి ఉన్నచోటే ఉంది. నాలుగేళ్ళ సైన్యం, రెండేళ్ళ చదువు, మిల్లు గేటు దగ్గర నిలబడ్డ నాన్న, అన్నీ కళ్ళముందు తిరిగాయి. పాపం, ఆమె చూస్తున్నది తన చేతిని, ఆయన్ని కాదు.

"తాతా! నిలబడింది తాతా, లేచి చూడు!"

పక్క మంచం దగ్గరున్న నర్సు నవ్వుతూ వచ్చింది. ముసలాయన ముఖం, కదలని ఛాతీ చూసి ఆగిపోయింది. వంగి, దమయంతి చేతిని మెల్లగా పక్కకు తీయబోయింది.

ఆ చెయ్యి రాలేదు.